ఊపిరికి ఎంగిలి లేదు

112

పొద్దుటి షిఫ్టు కిందికి దిగగానే నా గది ముందు వరస కట్టారు. అందరూ పైన సౌర పలకల మీది బూడిద తుడిచి వచ్చినవాళ్ళు. ప్రతివాళ్ళ పెదవుల మూలల్లోనూ ఎర్రటి ఒరుపు, చిగుళ్ళ అంచున నెత్తురు. నోరు తెరవమంటే తెరుస్తారు. మూయమంటే మాత్రం మూయరు, నాకే వైద్యం నేర్పుతారు.

పైన ఉన్నది పచ్చగాలి. వీపున గాలిడబ్బా, ముక్కు మూసే పట్టు, డబ్బా గొట్టం చివర ఒక రబ్బరు కాటుముక్క. ఆ ముక్కని పళ్ళతో కరిచి పట్టుకున్నంతసేపే పైన ప్రాణం. ఒకప్పుడు మొహమంతా కప్పే ముసుగులుండేవి. వాటి రబ్బరు ఏనాడో పగిలిపోయింది. ఇక మాకు దిక్కు పళ్ళే. పూర్వం కవులు పళ్ళని మల్లెమొగ్గలన్నారు, దానిమ్మ గింజలన్నారు. నేను చదవని కావ్యం తక్కువ. వాటిని పట్టి నిలిపే చిగురు మీద ఒక్క మహానుభావుడూ ఒక్క పాదం ఖర్చు పెట్టలేదు.

ఇవాళ ముగ్గురికి పోగు పెట్టాను. జబ్బు చేసిన చిగురు పంటిని వదిలేసి సంచిలా వేలాడుతుంది. ముందు ఆ సంచి లోపల గార గీకాలి, పంటి వేరు నున్నబడేదాకా. తరవాత మందులో నానిన సన్నటి పోగుని మడతలు మడతలుగా అందులోకి కూరి, పైన బంక పూయాలి. పది రోజులు అక్కడే ఉండి మందుని కొద్దికొద్దిగా వదులుతుంది. మనిషి ఒక జబ్బుకి మింగే మాత్రల్లోని మందుతో మా గనిలోని నోళ్ళన్నిటికీ పోగులు చేయవచ్చు. పైన బతికిన రోజుల్లో జలుబుకీ, దగ్గుకీ కూడా ఆ మాత్రల్ని పప్పుబెల్లాల్లా పంచిపెట్టిన నా తోటి డాక్టర్ల పేర్లు నాకింకా గుర్తున్నాయి. వాళ్ళ పుణ్యాన ఇప్పుడు మింగే మందు దేనికీ పనిచేయదు. చిగురు సంచిలో, ఒకేచోట, వేయి రెట్లు చిక్కగా పెడితే మాత్రం పనిచేస్తుంది.

పనిచేస్తుంది అని రాశాను. పోయిన నెల మానిన చిగుళ్ళు ఈ నెల మళ్ళీ వాచి వస్తున్నాయి.

113

తొలకరి వచ్చింది. నా కూతురు. ఈ గనిలోనే పుట్టింది. వాన ఎరగని పిల్లలకి వానల పేర్లు పెట్టడం మా తరం చేసిన వెర్రి పనుల్లో ఒకటి.

“కింది కోరపన్ను కదులుతాంది నాన్నా,” అంది, కూర్చోకముందే.

సలాక పెట్టి చూశాను. రెండు కోరపళ్ళ దగ్గరా సంచి ఇంకా లోతు దిగింది. రెండుసార్లు పోగు పెట్టినచోటే. కాటుముక్కని పట్టుకునేది ఆ పళ్ళే.

“ఎంత లోతు?” అని అడిగింది. అబద్ధం ఆడదామనుకున్నాను. నా మొహం దానికి ఇంతున్నప్పటినుంచీ తెలుసు.

“పైన ఎప్పుడైనా ముక్క జారిందా?”

“ఒక్కపారి. చేత్తోని నొక్కి పట్టుకున్న.”

“ఎవరైనా చూశారా?”

“చూస్తే నేను ఈడ ఎందుకుంట?”

నిజమే. పళ్ళు ఊడినవాళ్ళని అడుగు గ్యాలరీకి, గని అట్టడుగు సొరంగానికి పంపుతారు, నీళ్ళు తోడే పంపుల దగ్గరికి. అక్కడ దీపాలుండవు. కరెంటంతా గాలి మోటార్లకీ పంటల గదులకీ సరిపోతుంది. గాలి కూడా అక్కడికి చేరేసరికి పలచబడుతుంది. అక్కడినుంచి పైకి వినిపించేది దగ్గు ఒక్కటే, అదీ ఎక్కువ కాలం వినిపించదు. నా కూతురికి ముప్ఫై మూడేళ్ళు. భర్త జ్వరంతో పోయాడు. పైకి వెళ్ళి ఆ పచ్చటి ఆకాశం కింద పలకలు తుడవడమే దాని బతుకు. ఆకాశం అలా ఉండకూడదని దానికి తెలియదు.

మూడోసారి గీకి, మూడోసారి పోగు పెట్టాను.

114

రోగం తిరగబెట్టడానికి కారణం నాకు తెలుసు. అది చానకు దగ్గర, అంటే పైకి పోయే బావి నోటి దగ్గర, తట్టలో ఉంది.

షిఫ్టు అయ్యాక కాటుముక్కలన్నీ ఒకే తట్టలో పడేస్తారు. మరుసటి షిఫ్టువాళ్ళు అందులో చెయ్యి పెట్టి, చూడకుండా ఒకటి తీసుకోవాలి. ఏరుకోకూడదు, తుడవకూడదు. పైన గోడ మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి: ఊపిరికి ఎంగిలి లేదు. మాకు వేరే రాజ్యాంగం లేదు.

నేను పది రోజులు మందు పెట్టి శుభ్రం చేసిన నోట్లో, పదకొండో రోజు ఇంకొకడి చీము తెచ్చి పెట్టుకుంటారు.

సాయిలు దగ్గరికి వెళ్ళాను. గని సభకి పెద్ద, నాకు వియ్యంకుడు. తొలకరి భర్త అతని కొడుకే. చానకు పక్కన కూచుని గొట్టాలకి అతుకులు వేస్తున్నాడు.

“రా బావా, రా. ఎవని పండ్లు పీకొచ్చినవ్?”

“నీవే మిగిలాయి. కాటుముక్కలు ఎవరివి వాళ్ళకి ఉంచాలి సాయిలూ. ఒకరి నోటి రోగం ఒకరికి ఎక్కుతోంది.”

“ఉడకవెట్టరాదు?”

“ఉడికించి చూశాను. నాలుగు ఉడుకులకి రబ్బరు పెళుసెక్కి చీలింది. కొత్తవి చేసే దారి లేదు. ఎవడి ఉమ్మి వాడికైతే ఉడికించే పనే లేదు.”

అతుకు వేయడం ఆపాడు. “ఎవని ఉమ్మి వానికి,” అన్నాడు నెమ్మదిగా. “గీ మాట నేను చిన్నప్పుడు శానా విన్న. నీ అసొంటోళ్ళ నోట్లెకెల్లే విన్న.”

“నేను రోగం గురించి చెబుతున్నాను.”

“వాళ్ళు గూడ శుభ్రం గురించే చెప్పిండ్రు బావా.”

117

దొంగతనం చేశాను. తట్టలోంచి ఒక కాటుముక్క తీసి, ఉప్పునీటిలో కడిగి, తొలకరికి ఇచ్చాను. చొక్కాలో దాచుకుని పైకి వెళ్ళేటప్పుడు మార్చుకోమన్నాను.

అది ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“అందరికి ఇచ్చినవా?”

“అందరికీ ఇవ్వనివ్వరు.”

“మరి నాకెందుకు?”

“నా కూతురివి కాబట్టి. ఇంతకంటే పెద్ద కారణం ఏ గ్రంథంలోనూ లేదు.”

“మా మామ చూస్తే పానం తీసుకుంటడు.”

“అడుగు గ్యాలరీలో నీ ప్రాణం పోతుంది. అది అతనికి పట్టదా?”

లేచి చానకు వైపు నడిచింది. నేను కూడా వెంట నడిచాను. తట్ట దగ్గర ఆగి, నా కళ్ళముందే ఆ ముక్కని అందులో వేసి, రెండు చేతులతో తట్టని చేటలా చెరిగింది. తరవాత కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. నోట్లో పెట్టుకుంది. కరిచేటప్పుడు దాని కనుబొమలు ముడిపడటం చూశాను.

ఆదర్శాలు ఎప్పుడూ ముసలివాళ్ళు చెక్కుతారు. వాటిని నొప్పెట్టే పళ్ళతో కరవాల్సింది పిల్లలు.

119

సభ పెట్టించాను. రెండు గంటలు మాట్లాడాను. సూక్ష్మజీవులు, సంచి లోతు, గార, పోగు, అన్నీ విప్పి చెప్పాను. ఒకడు ఆవులించాడు. వాడి పై పళ్ళు నాలుగు అప్పటికే లేవు.

తరవాత సాయిలు లేచాడు.

“పచ్చగాలి దిగిన దినం మా నాయిన గీ చానకు కాడికే ఉరికొచ్చిండు. నేను ఆయన భుజం మీద ఉన్న. మనుషులను దింపే కేజీ బోను ఇంక కింద ఉన్నది. మా నాయినకు డబ్బా లేదు. పక్కన ఆఫీసరు సారుకు ఉన్నది. ముందుగాల నా మూతికి పెట్టిండు, మంచోడే. పసిపోరడు గదా అనుకున్నడు. మా నాయిన ఒక్క గుక్క అడిగిండు. సారు ముక్కని చేతుల పట్టుకొని, ‘నువ్వు కరిచినంక మళ్ళ నేనెట్ల పెట్టుకోవాలె’ అన్నడు. తిట్టలే. మెల్లగనే అన్నడు. కేజీ వచ్చేసరికి మా నాయిన లేడు.” నా వైపు తిరిగాడు. “డాక్టరు జెప్పింది అబద్ధమని నేననను. గని ఒక్కపారి ‘ఇది నాది, అది నీది’ అన్నమనుకో, ఇగ ఆగదు. పండ్లు పోతే పోనియ్యిండ్రి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ గోడమీది అక్షరాల వైపు చూశారు. నా పక్షాన చెయ్యెత్తింది ఒక్కడు, షిఫ్టు మేనేజరు రాజేశ్వర్రావు. వాళ్ళ తాతలు మా ఆఫీసర్ల క్వార్టర్లలోనే ఉండేవారు. అంతా అయ్యాక వచ్చి నా భుజం తట్టి, “మీరన్నది శాస్త్రం డాక్టరుగారూ. వీళ్ళకెక్కడ అర్థమవుతుంది!” అన్నాడు.

ఆ పొగడ్త విని, అతని చెయ్యి నా భుజం మీంచి తీసేశాను.

124

నిన్న తొలకరి పోగు తీశాను. చిగురు లోపల చీము. పది రోజులు మందులో మునిగి ఉన్నచోట చీము ఉండకూడదు.

ఆ చీముని కొంచెం తీసి గంజి పళ్ళెంలో పూసి, మధ్యలో కొత్త పోగు ముక్క ఒకటి పెట్టాను. మందు పనిచేస్తే పోగు చుట్టూ ఏమీ మొలవని ఖాళీ జాగా మిగలాలి. ఇవాళ మూత తీసి చూస్తే పళ్ళెం నిండా బూజుపొర. పోగు మీద కూడా.

తొట్టిలో మందు చెడిందేమోనని, నిన్ననే పోయిన తొట్టి పోగుతో ఇంకో పళ్ళెం కూడా పెట్టాను. అంతే. వరసలో ఉన్న ఇంకో ముగ్గురి చీముతోనూ పెట్టాను. అంతే. తగ్గీ తగ్గకుండా, మళ్ళీ అంటుకుని, మళ్ళీ మందు తిని, ఆ క్రిములు మా ఇన్ని నోళ్ళ మధ్య తిరిగి తిరిగి చదువుకున్నాయి. ఇప్పుడు వాటికి నా మందు భోజనంలో పచ్చడి.

పైన బతికినప్పుడు మాత్రలతో చేసిన పనే ఇక్కడ దారప్పోగుతో చేశాం. నేను ఎవరిని తిట్టుకుంటూ ఇంతకాలం బతికానో వాళ్ళకీ నాకూ తేడా పరిమాణంలోనే ఉంది.

తొలకరికి చెప్పాను. “ఇంకో మందు?” అంది. లేదన్నాను. “గీకుడు?” గీకుతూనే ఉంటానన్నాను, కదిలే పంటిని అది నిలబెట్టదని కూడా చెప్పాను. అది లేచి నా గదిలోని గిన్నెలు కడిగి, బోర్లించి వెళ్ళింది.

125

సభలో పళ్ళెం చూపించాను. ఇక పోగు ఎవరికీ పనిచేయదని చెప్పాను. ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సూక్ష్మజీవుల గురించి రెండు గంటలు విని ఆవులించినవాడే అందరికంటే ముందు లేచి, “నాది నాకియ్యిండ్రి!” అని అరిచాడు. తర్కం సాధించలేనిది భయం సాధించింది. చేతులన్నీ లేచాయి, రెండు తప్ప. సాయిలుది, తొలకరిది.

తట్ట కుమ్మరించి, తలా ఒకటి తీసుకున్నారు. పిల్లలకి ఈ రోగం ఆలస్యమవుతుంది, కొందరికి రాకుండానే పోతుంది. నేను అడిగింది అదే. దొరికింది కూడా.

రాత్రి భోజనాల దగ్గర సాయిలు నా పక్కనే కూచున్నాడు. “గెలిచినవ్ బావా. జర బువ్వ తిను,” అన్నాడు. ఎత్తిపొడుపు కోసం వెతికాను అతని గొంతులో. కనిపిస్తే బాగుండేది.

131

చానకు గోడకి మేకులు కొట్టారు. ఒక్కో మేకుకి ఒక్కో కాటుముక్క. మొదట్లో ఎవరికి వీలైనచోట వాళ్ళు తగిలించారు. తరవాత అన్నదమ్ములు పక్కపక్కన ఉంటే తేలికన్నారు. తరవాత ఒక గ్యాలరీవాళ్ళు ఒకచోట అన్నారు. ఇవాళ చూస్తే, యాభై ఏళ్ళ కిందట పైన ఎవరి పెద్దలు ఏ వాడలో ఉండేవారో ఆ వరసలోనే మేకులున్నాయి, క్వార్టర్లవాళ్ళవి పైన, సాయిలు వాడవాళ్ళవి కింద. వీళ్ళలో చాలామంది ఆ వాడల్ని కళ్ళతో చూడనైనా లేదు. ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఆ చదువు ఎక్కడ దాగి ఉంటుందో ఎవరూ రాయలేదు.

సాయిలు మేకు కొట్టుకోలేదు. “నాకు కాటుముక్క వద్దు,” అన్నాడు. అతని పళ్ళు ఈ గనిలో అందరికంటే గట్టివి.

133

తొలకరి తనంతట తనే వచ్చి కూచుంది.

“పీకెయ్ నాన్నా.”

“ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు.”

“నిన్న పైన రెండుపార్లు జారింది. మూడోపారి నేను దిగిరాను. పండ్లు ఈడ నీ చేతుల పోవుడే మంచిది.”

మత్తుమందు కొంచెం మిగిలి ఉంది. పెద్దగా అవసరం పడలేదు. చీమునిండిన చిగురులో పళ్ళు తడి మట్టిలో పుల్లల్లా ఉన్నాయి. పట్టుకుంటే వచ్చేశాయి. కింది కోరపళ్ళు, వాటి పక్కవి, పైవి. అది పుట్టాక మొదటి పన్ను మొలిచిందని వాళ్ళమ్మ గ్యాలరీ అంతా తిరిగి చూపించింది. గుడ్డ నొక్కి పట్టుకోమన్నాను.

గుడ్డ తీసి అద్దం అడిగింది. ఇవ్వలేదు.

“ముసల్దాని లెక్క ఉన్ననా?” మాట తడబడుతోంది, ఊపిరి జారుతోంది. “ఇగ నువ్వూ నేనూ ఒక్క ఈడోళ్ళమే.”

దాని నవ్వు చూడలేక పరికరాలు కడుగుతూ నిలబడ్డాను.

136

రాజేశ్వర్రావు నా గదికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

“అమ్మాయి సంగతి విన్నాను. అడుగు గ్యాలరీకి పంపాలంటే మనసొప్పడం లేదు. చానకు దగ్గర కాటుముక్కలు అందించడానికి ఒక మనిషి కావాలి. పళ్ళతో పనిలేదు, దీపం ఉంటుంది, మంచి గాలి ఉంటుంది.”

“దానికి నేనేం చేయాలి?”

“చిన్న కాగితం. కింది వరస మేకులవాళ్ళ నోళ్ళలో రోగం ఎక్కువని. మేకులు మరీ దగ్గరగా ఉన్నాయి, తుంపర్లు పడతాయి కదా. వాళ్ళవి అవతలి గోడకి మారిస్తే అందరికీ మంచిది. మీరు సంతకం పెడితే ఎవరూ కాదనరు.”

“వాళ్ళ నోళ్ళలో రోగం ఎక్కువేమీ లేదు.”

“ఉమ్మితో అంటుకుంటుందని మీరే కదండీ చెప్పారు!”

తప్పు పట్టడానికి ఆ వాక్యంలో ఒక్క అక్షరం లేదు. ఆలోచించుకుంటానన్నాను. నిజంగానే ఆలోచించాను. కాగితం తీశాను. “పరీక్షించిన మీదట” అనేదాకా రాశాను కూడా.

తొలకరి వచ్చి భుజం మీదుగా చదివింది. “పూర్తి చెయ్యకు,” అంది.

“కింద దీపం ఉండదు.”

“తెలుసు.”

“గాలి ఉండదు. నువ్వు నా కళ్ళముందు ఉండవు.”

“నాన్నా, నా మొగుడు ఏ వరస? నా బిడ్డ పుట్టి ఉంటే దాని ముక్క ఏ మేకుకు తగిలిస్తుండె?” కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. “నువ్వు నోటి డాక్టర్‌వు. నోటిని గురించి నిజం రాయి. గంతే.”

137

తొలకరి కిందికి దిగింది. దాని వెంట సాయిలు కూడా, మూట చంకన పెట్టుకుని.

“నీకు పళ్ళున్నాయి. నిన్ను ఎవరు పంపారు?” అన్నాను.

“మేకు లేనోనికి పైన పనేమున్నది? కోడలు ఒక్కతే చీకట్ల ఎట్లుంటది బావా.” మెట్టు మీద ఆగి, “నువ్వు నీ మాటను కరిచి పట్టుకున్నంత గట్టిగ నేను ఇనుప గొట్టాన్ని గూడ కరవలే. ఇగ నీతోని కొట్లాడేటోడు లేడు. ఏం జేస్తవో ఏమో,” అన్నాడు.

ఇన్నేళ్ళు అతని మీద కోపంతో పొద్దున్నే లేచాను. రేపు దేనికోసం లేవాలో తెలియడం లేదు.

తొలకరి వెనక్కి చూడలేదు. చూస్తే నేను ఏడుస్తానని దానికి తెలుసు.

138

నిజం రాశాను. ఒక పెద్ద కాగితం మీద, నాకు చేతనైనంత స్పష్టంగా: “ఈ గనిలోని నోళ్ళన్నీ నేను చూశాను. రోగానికి వాడ తెలియదు. ఏ వరసలోనూ ఎక్కువ లేదు, ఏ వరసలోనూ తక్కువ లేదు. ఈ గోడ మీద ఎవరి మేకునీ ఎవరికీ దూరంగా జరపడానికి వైద్యశాస్త్రంలో కారణం లేదు.” కింద సంతకం పెట్టి, తెల్లవారకముందే చానకు గోడకి నడిమధ్యన అతికించాను. చించేస్తారనుకున్నాను. చించితే మళ్ళీ రాయాలనుకున్నాను. మళ్ళీ రాసే పని ఒకటి దొరికినందుకు కొంచెం సంతోషపడ్డాను కూడా.

షిఫ్టు వెళ్ళాక చూశాను. ఎవరూ చించలేదు. కాగితానికి ఎడమ వైపుకి పై వరసవాళ్ళు, కుడి వైపుకి కింది వరసవాళ్ళు మేకులు మార్చి కొట్టుకున్నారు. రెండింటికీ మధ్య నా కాగితమంత జాగా శుభ్రంగా వదిలిపెట్టారు.

మధ్యాహ్నం రాజేశ్వర్రావు కబురు పంపాడు. హద్దు బాగా తెలుస్తోందట. కాగితం త్వరలో మసి పట్టేలా ఉంది, ఇంకొంచెం పెద్దదాని మీద రాసి ఇవ్వమన్నాడు.